ఎండ ఊళ్లో నీడ తోట

మిద్దె మీద మాడిపోయే మొక్క వసారాలో బతుకుతుంది. ఏ మూల ఏది పెట్టాలో, నీళ్లు ఎప్పుడు ఆపాలో తెలిస్తే చాలు!

రేణిగుంట దాటి చెన్నై రోడ్డు పట్టుకుంటే పుత్తూరుకు ముందు వచ్చే ఊరు వడమాలపేట. చుట్టూ కొండలు, మామిడి తోటలు. వానాకాలంలో చూస్తే కళ్లకు చలవగా ఉంటుంది. మే నెల వచ్చిందంటే కథ మారిపోతుంది. పంచాంగంలో కర్తరి అని రాసే రోజుల్ని ఇక్కడి వాళ్లు కత్తిరి అంటారు. ఆ రోజుల్లో 42, 43 డిగ్రీల ఎండకు కొండరాయి వేడెక్కుతుంది, సిమెంటు మిద్దె కాలుతుంది, రాత్రి పది దాటినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి.

ఇలాంటి ఊళ్లో మొక్కలు పెంచాలనుకునే ఇల్లాలి ముందుండే మొదటి ప్రశ్న ‘ఎక్కడ?’ అని. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద కూరగాయలు పండించి చూపించాక ‘మిద్దె తోట’ అన్న మాట తెలుగు ఇళ్లలో బాగా పాకింది. మంచిదే. కానీ అందరికీ మిద్దె ఉండదు. అద్దె ఇంట్లో మిద్దె తాళంచెవి ఓనరు దగ్గరుంటుంది. ఉన్నవాళ్లకు కూడా మోకాళ్ల నొప్పులతో రోజుకు రెండుసార్లు బకెట్లు మోయడం కుదరదు. పైగా సీమ ఎండలో నల్ల ప్లాస్టిక్ కుండీని మిద్దె మీద పెడితే లోపలి మట్టి ఎంత కాలుతుందో వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆకు కంటే ముందు వేరు ఉడికిపోతుంది.

అందుకే ఈసారి చూపు పైకి కాదు, ఇంటి ముందుకు తిప్పండి. వసారా, తిన్నె, మెట్ల కింది జాగా, వెనకింటి సందు... ‘నీడ కదా, ఏం పెరుగుతుందిలే’ అని చెప్పులు, పాత సైకిలు పడేసే చోట్లు. ఎండ ఊళ్లో నీడే అసలైన ఆస్తి.

నీడ అంటే ఏ నీడ?

అన్ని నీడలూ ఒకటి కావు. తూర్పు వసారాకు పొద్దున తొమ్మిది, పది దాకా లేత ఎండ పడుతుంది, ఆ తర్వాత నీడ. మొక్కలకు ఇంతకంటే మంచి చోటు లేదు. పడమటి వసారా దీనికి తలకిందులు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గుంకే దాకా ఏటవాలు ఎండ నేరుగా లోపలికి వస్తుంది. అక్కడ గ్రీన్ నెట్టో, కొబ్బరాకుల తడికో కట్టకుండా కుండీ పెట్టడం దండగ.

ఉత్తరం, దక్షిణం సంగతి దగ్గరే చాలామంది తికమక పడతారు. ‘ఉత్తరం వైపు ఎండే రాదు’ అని పుస్తకాల్లో, వీడియోల్లో చెబుతారు. అది చలి దేశాల లెక్క. వడమాలపేట భూమధ్యరేఖకు సుమారు 13న్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. కాబట్టి ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. పొద్దున ఈశాన్యం వైపు నుంచి, సాయంత్రం వాయవ్యం వైపు నుంచి ఎండ ఉత్తరపు వసారాలోకి దూరుతుంది. అదే డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు, దక్షిణపు వసారాలో ఎండ లోపలిదాకా వస్తుంది. అంటే సంక్రాంతికి చూసి ‘ఇది చల్లటి మూల’ అని మొక్క పెడితే, మే నెలలో అదే మూలలో ఆకులు కాలిపోవచ్చు. కుండీ జరపగలగడమే మన అదృష్టం. నేలలో నాటిన చెట్టును జరపలేం కదా!

వెలుగు ఎంతుందో కంటితో తేల్చుకోలేం. బయట ఎండలో లక్ష లక్స్ దాకా ఉండే వెలుగు వసారా మధ్యకు వచ్చేసరికి కొన్ని వేలకు, ఇంటి లోపల కొన్ని వందలకు పడిపోతుంది. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి అంత తేడా తెలియదు. మొక్కకు తెలుస్తుంది. దీనికో సులువు పరీక్ష ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి. వేళ్లతో సహా నీడ తెగ్గొట్టినట్టు పడితే మంచి వెలుగు, అక్కడ ఆకుకూర వస్తుంది. చెయ్యి ఆకారం మసకగా కనిపిస్తే రంగుటాకుల మొక్కలకు సరిపోతుంది. నీడే పడకపోతే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ లాంటి మొండివి తప్ప మరేవీ నిలవవు. అవి కూడా అక్కడ బతుకుతాయే గానీ పెద్దగా పెరగవు.

కాయ అడగొద్దు, ఆకు అడగండి

నీడ తోటకు ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. కాయ కాయాలంటే కనీసం ఆరు గంటల ఎండ కావాలి. దుంపకు నాలుగైదు గంటలు. ఆకుకు మూడు నాలుగు గంటలైనా, రోజంతా వడకట్టినట్టు వచ్చే వెలుగైనా సరిపోతుంది. టమాటా, వంకాయ, బెండ నీడలో పెట్టి ‘పూత రాలేదే’ అని బాధపడి లాభం లేదు. మల్లె, గులాబీ, కరివేపాకు, తులసికి కూడా ఎండ కావాలి. వాటిని వసారా అంచుకో, మెట్ల మీదికో చేర్చండి.

నీడలో వంటింటికి పనికొచ్చేవి చాలానే ఉన్నాయి.

పుదీనా: సంతలో తెచ్చిన కట్టలోంచి నాలుగు ముదురు కాడలు తీసి, ఆకులు దూసి, గ్లాసు నీళ్లలో వారం పెడితే వేళ్లు వస్తాయి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టిలో నాటండి. మే ఎండలో బయట మాడిపోయే పుదీనా వసారాలో పచ్చగా ఉంటుంది.

వాము ఆకు: కర్పూరవల్లి అని పిలిచేది ఇదే. జానెడు కొమ్మ గుచ్చితే చాలు. ఆకులు మందం, నీళ్లు దాచుకుంటుంది. రెండు రోజులు మరిచిపోయినా ఏమనుకోదు. పిల్లలకు జలుబు చేస్తే కషాయం, సాయంత్రం వానపడితే బజ్జీలు.

తమలపాకు: ఈ తీగ పుట్టుకే నీడది. కడప జిల్లా చెన్నూరు లాంటి చోట్ల రైతులు అవిశ చెట్ల నీడలో దీన్ని పాకిస్తారు. మీ వసారా స్తంభానికి కొబ్బరి తాడు చుట్టి ఎక్కించండి. వేడిగాలి నేరుగా తగలకూడదు, మట్టి ఆరకూడదు. ఈ రెండూ చూసుకుంటే పూజకు, పేరంటానికి కొనే పని లేదు.

పసుపు, అల్లం: కొబ్బరి తోటల్లో, మామిడి తోటల్లో అంతర పంటగా వేసేవి. కొంత నీడను ఓర్చుకుంటాయి. మే చివర, జూన్‌లో అడుగు లోతు, అడుగు వెడల్పు ఉన్న కుండీలో మొలకొచ్చిన కొమ్ము నాటితే ఎనిమిది, తొమ్మిది నెలలకు తవ్వుకోవచ్చు. సంక్రాంతికి పొంగలి కుండ మెడకు పచ్చి పసుపు మొక్క కట్టే ఇళ్లు తమిళనాడు సరిహద్దు ఊళ్లలో చాలానే ఉన్నాయి. ఆ మొక్క మన వసారాలోనే పెరిగిందైతే ఆ తృప్తే వేరు. అల్లానికి మాత్రం నీళ్లు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది, జాగ్రత్త.

కొత్తిమీర: వేసవిలో ఎండకు గబుక్కున పూతకొచ్చేస్తుంది. తూర్పు వసారాలో అయితే ఇంకొన్నాళ్లు ఆకు ఇస్తుంది. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలక రావడానికి పది రోజులు పట్టొచ్చు. మూడో రోజే ‘రాలేదు’ అని మట్టి తిరగేయకండి.

బచ్చలి, పొన్నగంటి, సరస్వతి ఆకు కూడా ఈ జాబితాలోవే. పూలు కావాలంటే కనకాంబరం. మిట్టమధ్యాహ్నపు ఎండ తప్పితే ఇంకా బాగా పూస్తుంది. ఢిల్లీ కనకాంబరం రకాన్ని కొమ్మతో పెంచుకోవాలి, దానికి విత్తనం కట్టదు.

అందానికి పెట్టేవి... అపోహలతో సహా

మనీ ప్లాంట్, సింగోనియం, అగ్లోనిమా, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్, ఫెర్న్. నర్సరీ బండి మీద కనిపించేవి ఎక్కువగా ఇవే. ఇవి గోదావరి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి రాష్ట్రమంతా వెళ్తుంటాయి. అక్కడి తేమ గాలిలో, నెట్ కింద పెరిగిన మొక్క లారీ దిగి సీమ వడగాలిలో పడితే బెంబేలెత్తదా! కొన్న రోజే కుండీ మార్చకండి. పది, పదిహేను రోజులు ఇంట్లోకెల్లా చల్లటి నీడలో, వచ్చిన సంచిలోనే ఉంచండి. నాలుగాకులు రాలినా కంగారు వద్దు. కొత్త చిగురు కనిపించాకే పెద్ద కుండీలోకి మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో కొత్త మొక్క కొనడం మానుకుంటే డబ్బు మిగులుతుంది.

‘ఈ మొక్క పెడితే ఇంట్లో గాలి శుభ్రమవుతుంది, ఆక్సిజన్ నిండిపోతుంది’ అని అమ్మేవాళ్లుంటారు. 1989లో నాసా మూసిన గదుల్లాంటి పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి పుట్టిన ప్రచారమిది. 2019లో ఇద్దరు అమెరికా పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ మళ్లీ లెక్కగట్టారు. ఇంట్లో కిటికీలోంచి వచ్చే గాలి చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు పెట్టాలని తేల్చారు. కాబట్టి గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కను కంటికి ఆనందం కోసం పెంచండి. అది చాలదూ?

ఇంకో ముఖ్యమైన మాట. డిఫెన్‌బాకియా అని తెల్ల మచ్చలున్న వెడల్పాటి ఆకుల మొక్క ఒకటి వస్తుంది. దాని ఆకులో, కాడలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పసిపిల్లలు కొరికితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. మనీ ప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీలలోనూ ఇవే ఉంటాయి. పాకే పిల్లలున్న ఇంట్లో వీటిని నేల మీద పెట్టొద్దు. ఎత్తులో వేలాడదీయండి, లేదా పిల్లలు పెద్దయ్యేదాకా పుదీనా, వాము ఆకుతో సరిపెట్టుకోండి.

కుండీ, మట్టి

మన సీమ వేడికి మట్టి కుండీయే మేలు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో అందుకే కుండీలో వేరూ చల్లగా ఉంటుంది. గోడల గుండా తేమ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. కాకపోతే నీళ్లు తొందరగా ఆరిపోతాయి. నీడలో ఆ ఇబ్బంది తక్కువ. ప్లాస్టిక్ కుండీ వాడితే లేత రంగుది తీసుకోండి. ఇంకో ఉపాయం జంట కుండీ. మొక్క ఉన్న చిన్న కుండీని ఖాళీ పెద్ద కుండీలో దించి, మధ్య సందులో కొబ్బరి పీచు కూరితే బయటి వేడి వేరుకు అంత తొందరగా తగలదు.

పొలం ఎర్రమట్టి ఒక్కటే నింపితే కొన్నాళ్లకు ఇటుకలా గట్టిపడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ ఒక పాలు, వర్మీకంపోస్టో బాగా మాగిన పశువుల ఎరువో ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఈ లెక్క చాలా మొక్కలకు కుదురుతుంది. మట్టి మరీ జిగురైతే ముతక ఇసుక కలపండి. కోకోపీట్ దిమ్మను నానబెట్టాక ఒకటి రెండుసార్లు మంచినీళ్లతో కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది.

కుండీ అడుగున రెండంగుళాలు కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయని తరతరాలుగా నమ్ముతాం. నిజానికి మెత్తటి మట్టిలోంచి నీరు ఒక్కసారిగా గరుకు కంకరలోకి దిగదు. మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా పైనే ఆగుతుంది. అంటే తడి పొర వేరుకు ఇంకా దగ్గరవుతుంది. బెజ్జం మీద ఒక పెంకు ముక్క బోర్లించండి, మట్టి కారకుండా అది చాలు. మిగతాదంతా మట్టే నింపండి.

చచ్చేది దాహంతో కాదు

‘ఏందే, రోజూ నీళ్లు పోస్తానే ఉండా, అయినా వాడిపోతా ఉంది!’ ఈ మాట వినని వీధి ఉండదు. ‘పోస్తా ఉండావు గనకనే పోతా ఉంది అత్తా’ అని ఎవరూ చెప్పరు. నీడలో మొక్కలు చచ్చేది ఎక్కువగా నీళ్లు ఎక్కువై. వేరుకు నీళ్లతోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేరు కుళ్లి, నీళ్లు తాగలేక ఆకు వాలిపోతుంది. చూసేవాళ్లకు అది దాహంలా కనిపిస్తుంది. ఇంకో చెంబు పోస్తారు. కథ ముగుస్తుంది.

కాబట్టి గడియారం చూసి కాదు, మట్టి చూసి పోయండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. తడి తగిలితే వదిలేయండి. పొడిగా ఉంటే అడుగు బెజ్జం నుంచి కారేదాకా నిండుగా పోయండి. పుదీనా, తమలపాకు లాంటి తేమ కోరేవాటికి ఒక కణుపు ఆరితే చాలు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి మళ్లీ లేచిందంటే అది వేడికి పడ్డ బడలిక, దాహం కాదు. పొద్దున్నే కూడా వాలి ఉంటేనే ఆలోచించాలి. నీళ్లు పోసే వేళ పొద్దున ఎనిమిది లోపే. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చే మరిగిన నీళ్లు మాత్రం పట్టకండి.

ఇక నీళ్ల రకం. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే కుండీ గోడల మీద తెల్లటి పొర కడుతుంది, స్పైడర్ ప్లాంట్ లాంటి వాటి ఆకు చివరలు గోధుమరంగులో ఎండుతాయి. రెండు నెలలకోసారి మంచినీళ్లు కుండీకి రెండింతలు పోసి, కిందికి పూర్తిగా కారనిస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది. ఆర్వో మిషను వదిలేసే నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. అవి గచ్చు కడగడానికి వాడండి, కుండీకి వద్దు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకోండి. అన్నిటికంటే ఉత్తమం వాననీళ్లు.

నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వస్తే? కుండీలన్నీ ఒకచోట దగ్గరగా చేర్చండి, ఒకదాని తేమ ఒకదానికి అందుతుంది. పెద్ద తొట్టిలో మెడ దాకా చిన్న మట్టి ముంత పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. ముంత గోడల్లోంచి మట్టికి కావలసినంతే నీరు ఊరుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. మన పల్లెల్లో మామిడి మొక్కల పక్కన కుండలు పాతేది కూడా ఇందుకే.

మొక్క పెంచితే దోమ పెరగకూడదు

కుండీ కింద పెట్టే పళ్లెంలో, మనీ ప్లాంట్ సీసాలో నిలిచే నీళ్లే డెంగీ దోమకు పురిటిల్లు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఆ గుడ్లు నీళ్లు ఆరిపోయినా నెలల తరబడి గోడకు అంటుకుని బతికుంటాయి. అందుకే పళ్లెం వంచేస్తే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి. శుక్రవారం ‘డ్రై డే’ అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. వారానికి ఆ ఒక్క పూట కేటాయించండి. పళ్లెంలో నీళ్ల బదులు తడి ఇసుక నింపితే మొక్కకు చలవ, దోమకు చోటు లేదు.

పిండినల్లి పట్టిందా? ముందు దూదితో తుడిచేయండి. తర్వాత లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలాక ఆకు అడుగున చల్లండి.

అచ్చమైన ఎడారిలో మనవాళ్లు

మన ఎండ ఎంత మండినా ఇది ఎడారి కాదు. అసలు ఎడారిలో మొక్కలు పెంచే తెలుగువాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఫీనిక్స్, పక్కనే చాండ్లర్. అక్కడ ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. 2023లో జూన్ ఆఖరు నుంచి జూలై ఆఖరు దాకా వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అలాంటి చోట ఎండే శత్రువు, ఇంటి వెనక కప్పు కింది నీడే తోట. కుండీని తూర్పు వైపు ఉంచడం, పడమటి గోడకు దూరంగా జరపడం, చక్రాల పీట మీద పెట్టి వేసవికి లోపలికి, చలికాలానికి బయటికి తిప్పడం... వాళ్లకు తప్పనిసరి అయిన ఈ పద్ధతులే మనకూ పనికొస్తాయి.

ఒక తేడా ఉంది. వాళ్లది పొడి గొడవ, మనది రెండు గొడవలు. మేలో మాడే ఊరే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు నానుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి మన కుండీ ఎండకూ తట్టుకోవాలి, తుపానుకూ తట్టుకోవాలి. బెజ్జాలు పూడిపోలేదని అక్టోబరులోపే చూసుకోవాలి. కుండీని గచ్చు మీద నేరుగా కాకుండా రెండు ఇటుకల మీద నిలపాలి.

ఏ నెలలో ఏం చేయాలి?

జనవరి – ఫిబ్రవరి: పసుపు, అల్లం తవ్వకం. విత్తనానికి కొన్ని కొమ్ములు దాచండి. కొత్త మొక్కలు కొనడానికి మంచి కాలం.

మార్చి – ఏప్రిల్: పడమటి వైపు నెట్టో, తడికో కట్టండి. కుండీల మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే తేమ నిలుస్తుంది.

మే: ఎరువు వద్దు, కత్తిరింపులు వద్దు, కుండీ మార్పిడి వద్దు. ఈ నెల బతికితే చాలు. ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలికి ఎదురుగా ఏ కుండీ లేకుండా చూడండి. మరీ మండే రోజు మధ్యాహ్నం తడి గోనెపట్టా వేలాడదీయండి, ఇంటి పెద్దలకూ హాయిగా ఉంటుంది.

జూన్ – సెప్టెంబరు: పసుపు, అల్లం నాటడం, కొమ్మలు గుచ్చడం, కుండీ మార్చడం. గుప్పెడు వర్మీకంపోస్టు నెలకోసారి. నీడ మొక్కలు నిదానంగా పెరుగుతాయి, ఎండ మొక్కలకు పెట్టే ఎరువులో సగం చాలు.

అక్టోబరు – డిసెంబరు: నీళ్లు బాగా తగ్గించండి. బెజ్జాలు, పళ్లేలు చూసుకోండి. కొత్తిమీరకు ఇదే అసలు కాలం.

ఒక్కసారే ఇరవై మొక్కలు కొనేసి, వేసవికి అన్నీ పోగొట్టుకుని, ‘మా చేతికి మొక్క రాదు’ అని చేతులు దులుపుకునేవాళ్లు ఎందరో. చేతిది తప్పు కాదు, చోటుది. మూడు కుండీలతో మొదలుపెట్టండి. ఒక పుదీనా, ఒక వాము ఆకు, ఒక మనీ ప్లాంట్. ఈ మూడూ ఒక్క కత్తిరి దాటాయంటే మీ వసారా లెక్క మీకు తెలిసినట్టే. ఇరవై కుండీలైనా వేసవిలో రోజుకు సుమారు ఒక బకెట్టు నీళ్లు. ఆ బకెట్టు ఖర్చుకు పచ్చడిలోకి పుదీనా, దేవుడి ముందుకు తమలపాకు, మధ్యాహ్నం తిన్నె మీద కూర్చునే అవ్వకు చూసుకోవడానికి నాలుగు పచ్చటి ఆకులు. ఎండ ఊళ్లో ఇంతకంటే లాభమైన బేరం ఉంటుందా చెప్పండి!